అందరూ అందరికీ తగిలే ఊరు ఎక్కడుంది?

అంటురోగాల వ్యాప్తికి గణిత నమూనా కట్టే పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావాటిలో మొదటి అధ్యాయంలోనే ఒక మాట కనిపిస్తుంది: జనాభా అంతా సమానంగా కలిసిమెలిసి తిరుగుతోందని అనుకుందాం. మన దేశంలో కూర్చుని ఈ మాట రాయాలంటే గుండెధైర్యం కావాలి. వేరే వీధి, వేరే గ్లాసు, వేరే శ్మశానం (మన చర్చిల సమాధుల తోటల్లో గోడలు లేవా?) ఉన్నచోట అందరూ అందరికీ తగులుతారట!

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాసే తర్వాత సమీకరణాలూ రాశాడు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దుకు తగ్గిస్తే జబ్బు తానే ఆరిపోతుందని లెక్కతో చూపించాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు అచ్చువేసిన వ్యాసం మీదే ఇప్పటికీ ఈ రంగం నిలబడి ఉంది. అందులో వాళ్లు తమ లెక్కను సరిచూసుకున్నది 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో ప్లేగుతో పోయినవారి వారంవారీ సంఖ్యలతో. గీత చక్కగా గుట్టలా లేచి దిగుతుంది. దాని కింద ఉన్నదెవరు? రేవులో బస్తాలు మోసినవారెందరు, కామాటిపురాకు ఆ పేరు తెచ్చిన తెలుగు కామాటీలెందరు, బంగళాల్లో ఉన్నవారెందరు? గీత చెప్పదు. ఆ ఇద్దరినీ నేను నిందించను. కంప్యూటర్ లేని రోజులవి. దాదాపు వందేళ్లు గడిచాక కూడా అదే ఊహను దించుకునేవాళ్లతోనే నా తగాదా.

ఇది జాలి కోసం అంటున్న మాట కాదు, లెక్కే తప్పుతుంది. ఒక ఊరు ఊహించుకోండి. నూటికి తొంభైమంది విశాలమైన ఇళ్లలో ఉన్నారు, అక్కడ ఒక రోగి సగటున 0.7 మందికి అంటిస్తాడు. మిగతా పదిమంది ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి ఉన్న కాలనీలో ఉన్నారు, అక్కడ ఒక్కరు 2.5 మందికి అంటిస్తారు. రెండు చోట్లకూ రాకపోకలు తక్కువ. ఊరి మొత్తానికి సగటు కడితే 0.88. ఒకటి కన్నా తక్కువ కాబట్టి జబ్బు తగ్గుముఖం పట్టిందని అధికారి ప్రకటిస్తాడు. అదే పూట కాలనీలో అది రెట్టింపు పైన పెరుగుతోంది. సగటు అబద్ధం ఆడలేదు, కాలనీని మింగేసిందంతే.

ఊహ వద్దు, నిజమే కావాలంటారా? 2020 జూలైలో ముంబైలోని మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందికి, బయట 16 శాతం మందికి కోవిడ్ వచ్చిపోయిన గుర్తులు దొరికాయి. రెండూ కలిపి సగం చేస్తే 36న్నర. ఆ 36న్నర అటూ లేదు, ఇటూ లేదు.

ఇప్పటి పరిశోధకులు మరీ అంత మొరటుగా లెక్కించరు, ఒప్పుకుంటాను. ఎవరు ఎవరిని ఎన్నిసార్లు కలుస్తారో పట్టికలు వేస్తారు. వాటిలో బాగా వాడుకలో ఉన్న పట్టికలకు మూలం 2008లో వెలువడిన సర్వే. అది జరిగింది ఎనిమిది యూరప్ దేశాల్లో. దాన్ని 2017లో 152 దేశాలకు సాగదీశారు. అందులో వయసుకు గడి ఉంది, ఇంటికి, బడికి, పనిచోటుకు గడులున్నాయి. కులానికి లేదు. లాక్‌డౌన్‌లో "పనిచోట కలయికలు ఇంత శాతం తగ్గాయి" అని ఒక అంకె వేస్తారు. బెంగళూరులో పౌరకార్మికులుగా ఉన్న మన తెలుగు మాదిగ తల్లులకు ఏం తగ్గాయి? ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు ఆ ఇళ్ల చెత్త చేత్తో ఎత్తింది వాళ్లే.

"వైరస్‌కు కులం తెలియదు" అంటారు గైడుగారు. తెలియక్కర్లేదండీ, మునిసిపాలిటీకి తెలుసు. కాలువలోకి ఎవరిని దించాలో, ఏ వీధికి నీళ్లు ఆఖర్న వదలాలో దానికి బాగా తెలుసు. వైరస్ ఆ దారినే నడుస్తుంది. "డేటా లేదు" అన్నది రెండో సాకు. ముంబైలో వాడనీ, బయటనీ విడదీసి సేకరించగలిగారు కదా. అడిగితే వస్తుంది. మూడు నాలుగేళ్ల ఫెలోషిప్‌లో మూడు నెలలు బస్తీలో తిరిగి, ఎవరు ఎవరింటి గడప దాకా వెళ్తారో రాసుకోవడం కష్టమా? కష్టం కాదు. జర్నల్‌లో అచ్చుకు పనికొచ్చే కొత్త సిద్ధాంతం అందులో పుట్టదని భయం.

అసలు ఆ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? కాలనీలో పుట్టిన పిల్ల పరిశోధకురాలైతే ఆ మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆపుతుంది. కానీ దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిందంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని ఆమెకు ఎస్సీ ఫెలోషిప్ లేదు. మైనారిటీ విద్యార్థులకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022 డిసెంబరులో ఆపేసింది. రెండు తలుపులూ మూసి, "మీవాళ్లు లెక్కల్లోకి రారేం?" అని అడుగుతారు.

కనుక మన బస్తీకి ప్రశ్నల కాగితంతో పరిశోధక విద్యార్థి ఎవరైనా వస్తే టీ ఇవ్వండి, కూర్చోబెట్టండి, అడిగినవి చెప్పండి. పోయే ముందు రెండు మాటలు అడగండి. మీ పట్టికలో చెత్తబండి తోసే మనిషికి ఏ గడి ఇచ్చారు? పూర్తయ్యాక ఇక్కడికే వచ్చి, మాకర్థమయ్యే తెలుగులో ఏం తేలిందో చదివి వినిపిస్తారా? ఒప్పుకుంటే తేదీ రాయించుకోండి.