గుంటూరు రషీద్‌ను చెన్నై వదిలేసింది.. అంతమాత్రాన కథ అయిపోయినట్టేనా?

2025 ఏప్రిల్ 14 రాత్రి బ్రాడీపేట టీ కొట్ల దగ్గర ఒకటే మాట. "మనోడు దిగాడు". లక్నోలో చెన్నై సూపర్ కింగ్స్ తరఫున ఓపెనర్‌గా వచ్చిన షేక్ రషీద్ 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు, ఆరు ఫోర్లు కొట్టాడు. వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడిన చెన్నై ఆ రోజు గెలిచింది. చివర్లో ధోనీ కొట్టిన కొట్టుడు గురించి దేశమంతా మాట్లాడుకుంటే, గుంటూరులో మాత్రం పవర్‌ప్లేలో ఆ ఆరు ఫోర్ల గురించే మాట్లాడుకున్నారు.

అదే ఏడాది నవంబర్‌లో చెన్నై వదిలేసుకున్న ఆటగాళ్ల జాబితా వచ్చింది. అందులో రషీద్ పేరుంది. అవే టీ కొట్లు, అవే మనుషులు. "ఏముంది భాయ్, అయిపోయింది. ఛాన్స్ ఇస్తే నిలబెట్టుకోలేదు."

నిజంగా అంతేనా? అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఐదు మ్యాచ్‌లు చూసి ఒక కుర్రాడి లెక్క తేల్చేసే ముందు, అతను ఇక్కడిదాకా ఎలా వచ్చాడో, ఎవరి ఖర్చుతో వచ్చాడో ఒకసారి చూడాలి. గుంటూరులో పొద్దున్నే కిట్ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరే పిల్లలందరికీ ఇది సంబంధించిన విషయం.

రషీద్ 2004 సెప్టెంబర్ 24న గుంటూరులో పుట్టాడు. మామూలు కుటుంబం. నాన్నది ప్రైవేటు ఉద్యోగం. కొడుకును ప్రాక్టీస్‌కి తిప్పడంలో ఆ ఉద్యోగమే పోగొట్టుకున్నాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ అకాడమీ ఉండేది మంగళగిరిలో. గుంటూరు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం. పిల్లాణ్ణి బండి మీద తీసుకెళ్లాలి, ఆట అయ్యేదాకా అక్కడే ఉండాలి, మళ్లీ తీసుకురావాలి. ఏ యజమాని ఊరుకుంటాడు? లెదర్ బంతులు కొనే స్తోమత లేక సింథటిక్ బంతులతో నాన్నే గంటల తరబడి బంతులు విసిరాడు. ఇవన్నీ వరల్డ్ కప్ గెలిచాక మనకు తెలిసిన సంగతులు. గెలవకపోతే ఏ పేపరూ ఆ ఇంటికి వెళ్లేది కాదు.

ఇంత కష్టం బ్యాటర్‌కే ఎందుకంటే, దానికీ కారణం ఉంది. హైదరాబాద్ సిరాజ్‌ను చూడండి. ఆటో డ్రైవర్ కొడుకు. టెన్నిస్ బాల్‌తో ఆడుతూ పెరిగి, 2015లో రంజీ జట్టులోకి వచ్చాడు. 2017కల్లా ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. బౌలింగ్‌లో అది సాధ్యమే. భుజంలో వేగం ఉంటే నెట్స్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. బ్యాటింగ్ అలా రాదు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి రోజూ వందల బంతులు ఆడాలి. బ్యాటు, ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెట్ కావాలి. పిల్లాడు ఎదిగే కొద్దీ అన్నీ మళ్లీ కొనాలి. బంతులు విసిరే మనిషి కావాలి. పేదింటి నుంచి ఫాస్ట్ బౌలర్ వచ్చినంత తేలిగ్గా బ్యాటర్ రాడు. వచ్చాడంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు తమ బతుకు పక్కన పెట్టారని అర్థం.

ఆ పెట్టుబడికి ఫలితం 2021 డిసెంబర్‌లో కనబడింది. యూఏఈలో అండర్-19 ఆసియా కప్ సెమీ ఫైనల్‌లో బంగ్లాదేశ్‌పై రషీద్ 90 నాటౌట్. ఫైనల్లో శ్రీలంకపై 31 నాటౌట్, కప్పు మనదే. వెంటనే వెస్టిండీస్‌లో అండర్-19 వరల్డ్ కప్. యశ్ ధుల్ కెప్టెన్, మనోడు వైస్ కెప్టెన్. మధ్యలో ఇద్దరినీ కోవిడ్ గదిలో పడేసింది, ఐర్లాండ్, ఉగాండా మ్యాచ్‌లు పోయాయి. గదిలోంచి బయటకొచ్చి సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద ఆడిన ఇన్నింగ్స్ మాత్రం చూసినవాళ్లు మర్చిపోరు. 37 పరుగులకే రెండు వికెట్లు పోయాయి. అక్కడి నుంచి ధుల్, రషీద్ కలిసి 204 పరుగులు జోడించారు. ధుల్ 110, రషీద్ 94. ఆరు పరుగుల్లో సెంచరీ పోయింది. 2022 ఫిబ్రవరి 5న ఆంటిగ్వాలో ఇంగ్లండ్‌తో ఫైనల్. 190 పరుగుల టార్గెట్ చిన్నదే గానీ ఓపెనర్ ఒకరు సున్నాకే వెళ్లిపోయాడు. రషీద్ 84 బంతులు ఆడి 50 కొట్టాడు. ఆ 84 బంతులు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఊరొచ్చాక సన్మానాలు. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు 10 లక్షల రూపాయలు, గుంటూరులో ఇంటి స్థలం ప్రకటించారు. డిగ్రీ అయ్యాక ఎస్సై ఉద్యోగం ఇస్తామన్నారు. క్రికెటర్‌కి పోలీసు ఉద్యోగం ఏంటని నవ్వినవాళ్లున్నారు. నాకైతే నవ్వు రాలేదు. ఉద్యోగం పోగొట్టుకున్న ఇంటికి ఉద్యోగం విలువ ఏంటో తెలుసు.

మిర్చి యార్డు లెక్క

సరిగ్గా ఆ ఫైనల్ అయిన వారానికి, ఫిబ్రవరి 12, 13 తేదీల్లో బెంగళూరులో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. దేశమంతా అండర్-19 కుర్రాళ్ల గురించే మాట్లాడుతున్న రోజులవి. ధుల్‌కి 50 లక్షలు వచ్చాయి. రషీద్ పేరు వేలంలోకే రాలేదు. కారణం బీసీసీఐ రూలు. 19 ఏళ్లు నిండని ఆటగాడు రాష్ట్రం తరఫున కనీసం ఒక సీనియర్ మ్యాచ్ ఆడి ఉండాలి. కోవిడ్ వల్ల ఆ సీజన్ రంజీ ఆలస్యమైంది, రషీద్ అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వికెట్ కీపర్ దినేశ్ బానా, పేసర్ రవికుమార్ లాంటివాళ్లదీ అదే పరిస్థితి. రంజీలో రషీద్ అరంగేట్రం ఆ సీజన్‌లోనే జరిగింది, కాకపోతే వేలం అయిపోయాక.

గుంటూరు వాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. యార్డులో రేటు పీక్‌లో ఉన్న రోజు సరుకు గేటు బయటే ఆగిపోయింది. తర్వాత డిసెంబర్‌లో కొచ్చిలో జరిగిన మినీ వేలంలో చెన్నై కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? ఏసీలో పెట్టింది. 2023, 2024 రెండు సీజన్లూ ఒక్క మ్యాచ్ లేదు. 2024 నవంబర్‌లో జెద్దా వేలంలో మళ్లీ 30 లక్షలకు కొనుక్కుంది. ధర రానప్పుడు మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో దాచుకోవచ్చు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల బ్యాటర్‌ను దాస్తే నష్టం కుర్రాడిదే.

ధోనీ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు కదా అంటారు. నిజమే, నేర్చుకునే ఉంటాడు. కానీ మ్యాచ్‌లో వంద బంతులు ఆడితే వచ్చేది డగౌట్‌లో రెండేళ్లు కూర్చుంటే రాదు.

చివరికి 2025లో దింపారు. లక్నోలో 27, ముంబై మీద 19. చెపాక్‌లో సన్‌రైజర్స్ మీద మ్యాచ్ మొదటి బంతికే షమీ బౌలింగ్‌లో స్లిప్‌లో క్యాచ్. తర్వాత రెండు మ్యాచ్‌ల్లోనూ పెద్ద స్కోరు లేదు. ఐదు మ్యాచ్‌లు, 71 పరుగులు. ఇదే జట్టులో రుతురాజ్ గాయపడితే వచ్చిన 17 ఏళ్ల ఆయుష్ మాత్రే ముంబై మీద 15 బంతుల్లో 32, బెంగళూరు మీద 48 బంతుల్లో 94 బాదాడు. అటు రాజస్థాన్‌లో 14 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ మొదటి బంతికే సిక్స్ కొట్టాడు. ఆ ఇద్దరి పక్కన పెట్టి చూస్తే రషీద్ నెమ్మదిగా కనబడ్డాడు. చెన్నైని తప్పుపట్టలేం. వాళ్లకు కావాల్సింది వాళ్లు వెతుక్కున్నారు.

కానీ రషీద్ ఆట అది కాదు. వరల్డ్ కప్ ఫైనల్లో 84 బంతులు ఆడి 50 కొట్టిన కుర్రాడు. 2024 నవంబర్‌లో ఉప్పల్‌లో హైదరాబాద్ మీద రంజీ మ్యాచ్‌లో 372 బంతులు ఆడి 203 కొట్టాడు. చెన్నై వదిలేయడానికి నెల ముందు, కాన్పూర్‌లో ఉత్తరప్రదేశ్ మీద శ్రీకర్ భరత్‌తో కలిసి పెద్ద భాగస్వామ్యం నెలకొల్పి సెంచరీ చేశాడు. నాలుగు రోజుల ఆటలో గంటలకొద్దీ క్రీజులో నిలబడగలిగే కుర్రాడిని 19 బంతులు, 20 బంతుల ముక్కల్లో కొలిచి ఫెయిల్ అంటున్నాం.

రాయుడు జ్ఞాపకం

ఈ కథ గుంటూరుకు కొత్తదీ కాదు. అంబటి రాయుడు పుట్టింది ఇక్కడే, 1985 సెప్టెంబర్ 23న. రషీద్ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు. 17 ఏళ్లకే 2002లో హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. అదే ఏడాది ఇంగ్లండ్‌లో అండర్-19 వన్డేలో 177 నాటౌట్. 2004 అండర్-19 వరల్డ్ కప్ కెప్టెన్. ఆ రోజుల్లో రాయుడు టెస్టులు ఆడతాడా లేదా అని ఎవరూ అడగలేదు, ఎప్పుడు ఆడతాడనే అడిగారు. ఆ తర్వాత అసోసియేషన్ గొడవలు, జట్లు మారడం, 2007లో ఐసీఎల్‌కు వెళ్లి బీసీసీఐ నిషేధంలో చిక్కుకోవడం. 2013లో హరారేలో వన్డే అరంగేట్రం చేసేనాటికి 27 ఏళ్లు దాటాయి. టెస్టు ఒక్కటీ రాలేదు. 2019 వరల్డ్ కప్‌కు పక్కన పెట్టిన సెలెక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ గారూ గుంటూరు జిల్లా మనిషే. మన జిల్లా పంచాయితీ ఢిల్లీదాకా వెళ్లిందని అప్పట్లో జోకులేసుకున్నాం.

2023లో చెన్నై కప్పు గెలిచినప్పుడు రాయుడికి అది చివరి ఐపీఎల్. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో రషీద్‌కు మొదటిది. ఇద్దరు గుంటూరు కుర్రాళ్లు, ఇద్దరూ అండర్-19 స్టార్లు. రాయుడికి పొగరు వల్ల పోయిందని ఇప్పటికీ అంటారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ 19 నుంచి 24 ఏళ్ల మధ్య కుర్రాణ్ణి పట్టించుకునే మనిషిగానీ పద్ధతిగానీ అప్పుడూ లేదు, ఇప్పుడూ సరిగా లేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ సంగతి ఒకటి చెప్పాలి. మన కుర్రాళ్లలో రియల్ మాడ్రిడ్ జెర్సీలు వేసుకుని తిరిగేవాళ్లు బోలెడు మంది. ఆ జట్టు ఫ్రెంచ్ మిడ్‌ఫీల్డర్ ఎడ్వర్డో కమవింగా కథ చూడండి. కాంగో నుంచి పారిపోయిన కుటుంబం, 2002లో అంగోలాలో శరణార్థి శిబిరంలో పుట్టాడు. చిన్నప్పుడే ఫ్రాన్స్ చేరారు. 2013లో ఇల్లు కాలిపోయింది, ఉన్నదంతా బూడిదైంది. పేదరికంలో మనవాళ్లకేం తీసిపోడు. తేడా ఏంటంటే, 11 ఏళ్లప్పుడే రెన్ క్లబ్ అకాడమీ అతణ్ణి తీసుకుంది. ఫ్రాన్స్‌లో పెద్ద క్లబ్బుల అకాడమీల్లో ఆటతో పాటు చదువు బాధ్యత కూడా క్లబ్బులదే. కమవింగా 16 ఏళ్లకు సీనియర్ జట్టులో ఆడాడు, 17 ఏళ్లకు ఫ్రాన్స్‌కు ఆడాడు, ఆ 2020లోనే మన ఇంటర్ లాంటి పరీక్షా పాసయ్యాడు. 2021లో రియల్ మాడ్రిడ్ దాదాపు 3 కోట్ల యూరోలిచ్చి కొనుక్కుంది.

ఇంకో ముఖ్యమైన రూలుంది. ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్ మారినప్పుడు చేతులు మారే డబ్బులో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతణ్ణి తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. ఫిఫా నిబంధన అది. అందుకే చిన్న ఊరి క్లబ్బుకు కూడా పేదింటి పిల్లాణ్ణి పెంచడం గిట్టుబాటు అవుతుంది. మన దగ్గర ఐపీఎల్ వేలంలో కోట్లు చేతులు మారతాయి. గుంటూరులో ఆ పిల్లాడికి బ్యాటు పట్టడం నేర్పిన కోచ్‌కి అందులోంచి హక్కుగా ఒక్క రూపాయి రాదు. నాన్న పోగొట్టుకున్న జీతం ఏ ఖాతాలోనూ పడదు.

రషీద్ విషయానికొస్తే ఇప్పుడు ఆకలి సమస్య లేదు. రంజీలో 20 మ్యాచ్‌ల లోపు ఆడినవాళ్లకు కూడా తుది జట్టులో ఉంటే రోజుకు 40 వేలు ఇస్తున్నారు. నాలుగు రోజుల మ్యాచ్‌లు ఏడు ఆడితే 11 లక్షలు దాటుతుంది. 20 మ్యాచ్‌లు దాటితే రోజుకు 50 వేలు. ఐపీఎల్ లేకపోయినా మర్యాదగా బతకొచ్చు, పరుగులు చేస్తే ఇండియా-ఏ తలుపూ తట్టొచ్చు. ఆంధ్ర సెలెక్టర్లు చేయాల్సింది ఒక్కటే. టాప్ ఆర్డర్‌లో ఒక స్థానం ఇచ్చి, రెండు మూడు సీజన్లు కదపకుండా ఉంచడం. టీ20 కోసం బాదడం నేర్చుకోమని ఇప్పుడు అందరూ సలహాలిస్తారు. ఆ సలహాలు విని ఉన్న ఆట చెడగొట్టుకున్నవాళ్ల లిస్టు చాలా పెద్దది.

అసలు సమస్య అతని వెనకొచ్చే వాళ్లది. బ్రహ్మానందరెడ్డి స్టేడియం దగ్గర పొద్దున్నే నిలబడితే కనబడుతుంది. బండి ఆపి, పిల్లాడి బ్యాగు దించి, ఆఫీసు టైమ్ చూసుకునే నాన్నలు. మంగళగిరిలో అంతర్జాతీయ స్థాయి స్టేడియం కట్టుకున్న అసోసియేషన్‌కు అండర్-14, అండర్-16 పిల్లల రాకపోకల ఖర్చు, లెదర్ బంతుల ఖర్చు పెద్ద భారం కాదు. గుంటూరు నుంచి మంగళగిరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వేసినా చాలామంది నాన్నల ఉద్యోగాలు నిలబడతాయి.