చంపిన లెక్క, మిగిలిన లెక్క

టెక్సాస్‌లో నాకొక స్నేహితుడున్నాడు. పాత ఆఫీసులో పరిచయం. ఉద్యోగం మానేసి, తండ్రి వదిలిన రెండొందల ఎకరాల్లో మొక్కజొన్న వేస్తాడు, గడ్డి పెంచుతాడు, మేకలు కాస్తాడు. అతని కొట్టం తలుపు మీద సుద్దముక్కతో గీసిన గీతలుంటాయి. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. ఒక్కో కట్ట అయిదు అడవిపందులు. పక్క వరసలో కొయోటీలు. (నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది ఈ జంతువు.) "ఇదే నా పద్దు పుస్తకం" అన్నాడు, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను జీవకారుణ్యం గురించి రాయబోవడం లేదు. నేను మాంసం తింటాను. పంది వరాహావతారం కాబట్టి చంపకూడదనే వాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. పంట నాశనం చేసే జంతువుని రైతు చంపితే తప్పు పట్టను. నా ప్రశ్న వేరు. చంపడం వల్ల పంట మిగులుతోందా?

టెక్సాస్ చట్టం ఈ వేటకి అడ్డం రాదు. సొంత నేలలో, లేదా యజమాని ఒప్పుకున్న నేలలో, పందుల్నీ కొయోటీలనీ రాత్రీ పగలూ ఏడాది పొడుగునా కాల్చొచ్చు. ఇన్ని అనే పరిమితి లేదు. 2011లో హెలికాప్టర్ నుంచి, 2017లో వేడిగాలి బెలూన్ నుంచి కూడా కాల్చడానికి అనుమతిచ్చారు. 2019 నుంచి యజమాని అనుమతి ఉంటే పందుల వేటకి లైసెన్సు కూడా అక్కర్లేదు. అందుకే నాలాంటి వాడి చేతికి కూడా తుపాకి వచ్చింది.

ఆ రాత్రి పది గంటలకి బయల్దేరబోతుంటే స్నేహితుడు ఫోన్ తీసి చూశాడు. "పదకొండూ నలభై నుంచి మంచి వేళ" అన్నాడు. నేను తెల్లబోయాను. మా తాత పంచాంగం గుర్తొచ్చింది! సోల్యూనార్ పట్టిక అట. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడూ, భూమికి అవతలి వైపు ఉన్నప్పుడూ జంతువులు బాగా తిరుగుతాయని 1926లో జాన్ ఆల్డెన్ నైట్ అనే ఆయన పెట్టిన సిద్ధాంతం. వెన్నెల ఉంటే మనిషికి బాగా కనపడుతుంది, అది వేరే విషయం. ఇది ముహూర్తం.

"చెడ్డ వేళలో పందులు రాలేదా ఎప్పుడూ?" అని అడిగాను.

"ఎందుకు రావు, వచ్చాయి."

"రాసిపెట్టావా?"

"లేదు" అని నవ్వేశాడు.

గాలి మా మొహానికి కొట్టేటట్టు చూసుకుని ట్రక్కు ఆపాం. పందికి చూపు తక్కువ, వాసన పట్టడంలో మహా దిట్ట. థర్మల్ స్కోపులో చూస్తే నల్లటి పొలంలో తెల్లటి ముద్దలు కదులుతున్నాయి. దీపం లేదు, చప్పుడు లేదు, వేడి మాత్రం కనిపిస్తోంది. తొమ్మిది లెక్కపెట్టాను. స్నేహితుడు రెండింటిని పడగొట్టాడు. మూడోదాన్ని నేను కాల్చాను. నిజం చెప్పాలి కదా, భలే సంతోషం వేసింది! చిన్నప్పుడు నాన్నతో వేరుశెనగ చేనుకి కాపలా పడుకుని, డబ్బా వాయించి వాయించి నిద్రపోయిన రాత్రులకి పగ తీర్చుకున్నట్టనిపించింది. తర్వాత రెండు గంటలు, కుందేలు చావుకేక వినిపించే పెట్టె మోగించి కొయోటీల కోసం చూశాం. ఒకటి వచ్చింది, పడింది. తెల్లారి నేను కాల్చిన పందిని వెతికితే రక్తపు మరకలే ఉన్నాయి, పంది లేదు. అయినా తలుపు మీద మూడు గీతలు పడ్డాయి.

తర్వాత తొమ్మిది రాత్రులు పందులు రాలేదు. "చూశావా!" అని ఫోన్ చేశాడు. పదో రాత్రి వచ్చి ఇంకో మడి దున్నేశాయి. ఈ మధ్యలో ఎక్కడున్నాయి? పక్క రైతు పొలంలో. ఆయన వాటిని కాలిస్తే మళ్ళీ ఇటొచ్చాయి.

మిత్రులారా, ఇది మనం ఎన్నోసార్లు విమర్శించిన వాదమే. వరుణయాగం చేశారు, వారానికి వాన పడింది, కాబట్టి యాగం ఫలించింది. పడకపోతే? లోపం యాగంలో కాదు, చేసిన వాళ్ళ శ్రద్ధలో. ఇక్కడా అంతే. పందులు రాకపోతే వేట ఫలించింది. వస్తే ఇంకా వేటాడాలి. ఏం జరిగినా తప్పని తేలని మాట అది. నేను కూడా ఆ రాత్రి ఇంటికొస్తూ "మంచి పని చేశాం" అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా హేతువాదిని అని చెప్పుకునే వాణ్ణి, రుజువేమిటని నన్ను నేను అడుక్కోలేదు.

తర్వాత కూచుని చదివాను. ఆడపంది ఏడెనిమిది నెలలకే ఎదకొస్తుంది. నాలుగు నెలలు నిండకుండానే ఈనుతుంది. ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ విభాగం అంచనా ప్రకారం, పందుల సంఖ్య పెరగకుండా ఆపడానికే ఏటా 66 శాతం పందుల్ని తీసెయ్యాలి. తగ్గించడానికి కాదు, ఉన్నచోట నిలపడానికి! అదే విభాగం పాత అంచనా ప్రకారం అన్ని పద్ధతులూ కలిపి చంపగలుగుతున్నది మూడో వంతుకి తక్కువ. మేము తొమ్మిదింట్లో రెండు చంపి, ఒకటి గాయపరిచి, మిగిలిన ఆరింటికి తుపాకి అంటే ఏమిటో నేర్పి పంపాం.

టెనెసీ రాష్ట్రం కథ ఇంకా బావుంటుంది. పందుల్ని అదుపు చేద్దామని 1999లో రాష్ట్రమంతా వేటకి తలుపులు తెరిచారు. ఎన్నైనా చంపుకోండన్నారు. అప్పటికి 95 కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పందులున్నవి సుమారు 15. ఆ స్వేచ్ఛా వేట సాగిన కాలంలోనే అవి 80 దాకా కౌంటీలకి పాకాయి. ఎందుకు? వేట సరదా రుచి మరిగిన వాళ్ళు పందుల్ని బళ్ళలో తీసుకెళ్ళి కొత్తచోట్ల వదిలారు! 2011లో అక్కడ పందిని వేట జంతువుల జాబితాలోంచి తీసేసి, వేటగాళ్ళకి తలుపులు మూశారు. మిస్సోరి కూడా 2016లో తన సంరక్షణ భూముల్లో పందుల వేట ఆపేసింది. వేట గుంపుల్ని చెదరగొడుతుంది, చెదిరిన గుంపు బోనులోకి రాదు అని కారణం చెప్పింది.

కొయోటీల సంగతి మరీ తిరకాసు. అమెరికా ప్రభుత్వ విభాగమే ఏటా వేల సంఖ్యలో, చాలా ఏళ్ళు 60 వేలకి పైగా, చంపుతూ వచ్చింది. ఒకప్పుడు ముఖ్యంగా పడమటి మైదానాల్లో ఉండే ఈ జంతువు ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. 1975లో కాలిఫోర్నియా పరిశోధకులు కట్టిన లెక్కలో, ఏటా 70 శాతాన్ని చంపినా కొయోటీల జాతి నిలబడుతుందని తేలింది. కొన్ని పోతే మిగిలిన వాటికి తిండి పెరుగుతుంది, వయసు తక్కువ ఆడవి కూడా ఈనుతాయి, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. పైగా మందల మీద పడేవి చాలావరకు ఆ ఇలాకాని ఏలే జత కొయోటీలు. కుందేలు కేక విని పరుగెత్తుకొచ్చేది అవే అని ఎవరు చెప్పగలరు? ఆ రాత్రి మేము చంపింది మేకని తిన్నదో, ఎలకల్ని తిని బతికే అమాయకపుదో మాకు తెలియదు.

ఇదంతా చెబితే స్నేహితుడికి కోపం వచ్చింది. రాదా మరి? "నువ్వు జీతం రాయి. నీ కాగితాలు నా మొక్కజొన్నని కాపాడతాయా? చేతులు ముడుచుకుని కూచోమంటావా?" అన్నాడు. ఒక నెల మాట్లాడలేదు. అతని మాటలో న్యాయం ఉంది. యాగం దండగ అని చెప్పిన వాడు చెరువు పూడిక తీయించే సంగతి కూడా మాట్లాడాలి.

ఆ సంగతి కూడా ఉంది, దాంట్లో సరదా లేదు అంతే. గుండ్రంగా ఇనపజాలీ కట్టి, తలుపు తెరిచి, మొక్కజొన్న పోసి, రోజుల తరబడి ఏమీ చేయకుండా ఊరుకోవాలి. కెమెరా ఫోన్‌కి బొమ్మ పంపుతుంది. గుంపు గుంపంతా లోపలికి వచ్చాకే తలుపు పడెయ్యాలి. ఒక్కటి బయట ఉన్నా ఆగాలి. ఖర్చు ఎక్కువ. చివరికి అతనూ ఇద్దరు పక్క రైతులూ కలిసి కొన్నారు. మొదటి పదిహేను రోజులు తిండి దండగ అని తిట్టుకున్నాడు. ఒక రాత్రి పధ్నాలుగు పడ్డాయి, తల్లులూ పిల్లలతో సహా. మేకల మందలో రెండు గ్రేట్ పిరెనీస్ కాపలా కుక్కల్ని పెట్టాడు. ఒక్క పొలం అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. అందుకే ఒకటే అడిగాను. "తలుపు మీద చచ్చినవి కాదు, నెలనెలా పాడైన నేల ఎంతో, పోయిన మేకపిల్లలు ఎన్నో రాయి."

ఇది అమెరికా గొడవ, మనకెందుకంటారా? చిత్తూరు జిల్లాలో మా ఊళ్ళో పందుల కోసం చేని చుట్టూ కరెంటు తీగ పెట్టేవారు. ఎప్పుడో ఒక పంది చచ్చి పడి ఉంటే "చూశారా, పనిచేసింది" అనేవారు. ఇంకో గట్టు మీంచి వచ్చి చేను తిని పోయిన పందులు ఎవరి లెక్కలోనూ లేవు. ఒక తెల్లవారుజామున మడవ మార్చడానికి వెళ్ళిన మా పక్క పొలం పాలేరు ఆ తీగ మీద పడి చచ్చిపోయాడు. ఆ ఏడు పందులు మామూలుగానే వచ్చాయి. మరుసటి ఏడు తీగ మళ్ళీ కట్టారు.

తెలంగాణలో అనుమతి మీద షూటర్లతో పందుల్ని కాల్పిస్తున్నారు. ఆ వార్త చదివినప్పుడు ఎన్ని చంపారో చూసి తృప్తి పడకండి. ఆ ఊళ్ళో అంతకుముందు ఎన్ని ఎకరాలు పోయేవి, తర్వాత ఎన్ని పోయాయి, షూటర్లు వెళ్ళని పక్క ఊళ్ళో ఎన్ని పోయాయి అని అడగండి. బాబాల దగ్గర అడిగే ప్రశ్నే తుపాకి దగ్గరా అడగాలి.

మొన్న వెళితే కొట్టం తలుపు మీద కొత్త వరస కనిపించింది. పాడైన నేల అడుగుల్లో కొలిచి, నెలవారీగా రాస్తున్నాడు. పాత గీతలు చెరపలేదు. ఫోన్‌లో సోల్యూనార్ పట్టిక కూడా ఉంది. దాని పక్కన పందులు వచ్చిన వేళలు రాస్తావా అని అడిగాను. ఏడాది రాస్తానని మాటిచ్చాడు.