గట్టెక్కితే ఊరు కనబడాలి

రాజమహేంద్రవరం వచ్చే యాత్రికుల్లో చాలామంది చేతిలో ఉండేది ఒక్క రోజే. తెల్లవారుజామున రైలు దిగుతారు, రాత్రి బండికి తిరుగు ప్రయాణం. ఈ పొద్దున వచ్చి రాత్రికి పోయే జనమంటే పర్యాటకం గురించి మాట్లాడేవారికి కాస్త చులకన. గది అద్దెకు తీసుకోరు, గట్టిగా ఖర్చు పెట్టరు, మూడు మునకలు వేసి, మార్కండేయస్వామికి దండం పెట్టి, ఓ గ్లాసు రోజ్‌మిల్క్ తాగి, పూతరేకుల పొట్లం సంచిలో వేసుకుని పోతారని ఫిర్యాదు. ఈ లెక్క తిరగేసి చూడాలంటాను. ఒక్క రోజు మనిషే ఈ ఊరికి అసలు అతిథి. ఆ రోజంతా ఒకే రేవు మెట్ల మీద తెల్లారిపోతోందంటే తప్పు అతనిది కాదు, రేవును మాత్రమే చూపించి ఊరిని దాచేసిన మన ఏర్పాట్లది. 2027 జూన్ 26న గోదావరి పుష్కరాలు మొదలవుతున్నాయి కాబట్టి ఈ ఏర్పాట్ల సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి.

జనమంతా ఒక్క చోటే చేరితే ఏమవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 జూలై 14న, పుష్కరాల తొలి రోజు ఉదయమే, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. నది పొడవునా రేవులున్నాయి. కోటిలింగాల రేవు ఉంది, గౌతమీ ఘాట్ ఉంది, వంతెన దాటితే కొవ్వూరు ఉంది. అయినా జనం ఒక్క ఘాట్‌కే, ఒక్క ముహూర్తానికే ఎగబడ్డారు. ముహూర్తం గురించి జరిగిన ప్రచారం ఇందులో ఎంత పని చేసిందో ఆ తర్వాత వేసిన విచారణ కమిషన్ కూడా ఎత్తి చూపింది. నిజానికి శాస్త్రం ఇంత ఇరుకు కాదు. బృహస్పతి సింహరాశిలో ఉన్న ఏడాదంతా పుష్కరుడు గోదావరిలో ఉంటాడని నమ్మకం. మొదటి పన్నెండు రోజులు ఆది పుష్కరం, చివరి పన్నెండు రోజులు అంత్య పుష్కరం. త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా ఎక్కడ మునిగినా పుణ్యమే. పురాణం ఏడాది గడువిచ్చి, పద్నాలుగు వందల కిలోమీటర్లకు పైగా తీరాన్ని పరిచి పెడితే, దాన్ని కొన్ని గజాల మెట్లకూ కొన్ని గంటలకూ కుదించింది మనమే.

ఇక ఆ మెట్లెక్కి వెనక్కి తిరిగితే కనబడాల్సిన ఊరి మాట. ధవళేశ్వరం కొద్ది కిలోమీటర్ల దూరం. 1832-33లో వచ్చిన నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన కోస్తాలో, నిండుగా పారే నది పక్కనే ఉండి గోదావరి జిల్లాలు కూడా చిక్కిపోయాయి. నీళ్లు సముద్రం పాలు, చేలు బీడు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశాక గాని నది అన్నం పెట్టడం మొదలుపెట్టలేదు. లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా సాగే ఆ కట్టడం స్థానంలో ఇప్పుడు కొత్త బ్యారేజి ఉంది. కింద దాదాపు పది లక్షల ఎకరాలు తడుస్తాయి. స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలచుకునే పురోహితులు ఈ తీరంలో ఉండేవారని చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, అలా చెప్పుకోవడంలోనే ఒక వివేకం ఉంది: భగీరథుణ్ణి తలచుకున్న నోటితో ఇంజనీరునూ తలచుకున్నారు. ధవళేశ్వరంలో ఉన్న కాటన్ మ్యూజియంలో ఓ గంట గడిపినవాడు సాయంత్రం హారతి చూసేటప్పుడు ఆ దీపం ఎవరికి పడుతున్నామో మరికాస్త తెలిసి నమస్కరిస్తాడు.

ఊళ్లోకి వస్తే ఇంకో నది, ఇది చదువుదీ సంస్కరణదీ కళదీ. 1881 డిసెంబరు 11న, ఊరంతా వెలివేస్తామని బెదిరిస్తున్నా, వితంతు పునర్వివాహం జరిపించిన వీరేశలింగం ఇల్లు ఇక్కడే. ఆయన కట్టించిన టౌన్ హాలు ఇక్కడే. తాళపత్రాలు దాచిన గౌతమీ గ్రంథాలయం, రాళ్లబండి సుబ్బారావు పేరిట పురావస్తు ప్రదర్శనశాల ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే, 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలకు ఒక గ్యాలరీ ఉంది. ఆంధ్ర చిత్రకళలో అంత చిన్న జీవితం అంత పెద్ద గీత గీయడం మరోసారి జరగలేదనిపిస్తుంది. నన్నయ సంగతి సరే, ఆయన పేరు ప్రతి వక్త నోటా వినబడుతుంది, వినీవినీ చెవులు అలవాటుపడిపోయాయి. వీటిలో ఏదీ నదికి దూరం కాదు, ఆటోకు ఒక బేరం అంతే. కానీ రైలు దిగినవాడిని అడగండి, పాపికొండల బస్సు ఎక్కడ ఎక్కాలో తెలుస్తుంది, దామెర్ల గ్యాలరీ ఏ వీధిలో ఉందో తెలియదు.

ఊరు కూడా చూపించాలన్న ఈ మాటకు ఒక అభ్యంతరం ఉంది, తోసిపుచ్చదగ్గది కాదు. యాత్రికుడు పుణ్యానికి వస్తాడు, బొమ్మలూ పుస్తకాలూ చూడడానికి కాదు, తీర్థాన్ని విహారం చేసేస్తే భక్తి పలచబడుతుంది అంటారు. క్షేత్రాలు పిక్నిక్ స్థలాలవుతున్నాయన్న బాధలో న్యాయం ఉంది. అయితే మన తీర్థయాత్ర ఏనాడూ మునకతో ముగిసింది కాదు. స్నానమయ్యాక స్థలపురాణం వినాలి, క్షేత్రం తిరగాలి, చూసింది ఇంటికెళ్లి చెప్పాలి. ఈ నదినే తీసుకోండి. గడ్డిపోచ తగిలి మాయాగోవు మరణించిన పాపం పోవడానికి గౌతముడు గంగను తెచ్చాడన్న కథకు ఇక్కడివాళ్లు చూపే చోటు అవతలి ఒడ్డున, కొవ్వూరులోని గోష్పాద క్షేత్రం. ఒక వంతెన దూరంలో ఉన్న ఆ కథాస్థలాన్ని చూడకుండానే చాలామంది వెళ్లిపోతున్నారు. అంటే మనం విహారాన్నే కాదు, యాత్రను కూడా సగంలో తుంచేస్తున్నాం. ఊరు చూపించడం వల్ల భక్తి పలచబడదు. తోపులాటలో, ఈలల మధ్య, తడిబట్టలతో పరుగెత్తించడం వల్ల పలచబడుతుంది.

రెండో అభ్యంతరం అధికారుల వైపు నుంచి వస్తుంది. కోట్లాది జనం వచ్చే వేళ భద్రతే ముఖ్యం, మ్యూజియాల ముచ్చట తర్వాత చూద్దాం, పైగా తెరిచి ఉంచినా ఎవరూ పోరు కదా అని. ఎవరూ పోరన్నది సగం నిజం. ప్యాకేజీ బస్సు ఆగిన చోట జనం దిగుతారు, ఆగని చోట దిగరు. ఆపాల్సిన చోటు ఎవరో నిర్ణయిస్తే తప్ప ఆగదు. ఇక భద్రత అంటారా, నా వాదనంతా దాని గురించే. బారికేడ్ జనాన్ని ఆపుతుంది, వేరేచోటికి పంపలేదు. పంపాలంటే పోవడానికి ఒక చోటు, అక్కడ నీడ, తాగునీరు, మరుగుదొడ్డి, చూడడానికి ఏదో ఒకటి కావాలి. ఉదయం స్నానమైనవాళ్లు పది గంటలకు ధవళేశ్వరంలోనూ, మధ్యాహ్నం ఊళ్లోనూ, పొద్దువాలాక గట్టు మీదా ఉంటే ఘాట్ దానంతట అదే ఊపిరి తీసుకుంటుంది. పెద్దవాళ్లూ నడవలేనివాళ్లూ ఇంత తిరగలేరన్నది వాస్తవమే. వాళ్ల కోసమైనా మిగతావాళ్లను మెట్ల మీంచి కదిలించాలి.

మంచి సూచనలు లేకపోలేదు. 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో దాదాపు 94 కోట్ల రూపాయలతో పుష్కర ఘాట్‌తో పాటు హేవ్‌లాక్ వంతెన, కడియం నర్సరీలు, నిడదవోలు కోట సత్తెమ్మ ఆలయం కూడా ఉన్నాయి. 1900లో రైళ్లకు తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవ్‌లాక్ వంతెన మీద నడుస్తూ, పక్కనే విల్లుల్లాంటి ఆర్చి వంతెన మీద రైలు పోతుంటే చూడడం ఒక్కటే సగం పూట విలువ చేస్తుంది. అయితే కొత్త దీపాలకు, రంగులకు దొరికే డబ్బు పాత గ్రంథాలయం కప్పుకు దొరకడం కష్టమన్నది మన అనుభవం. వంతెన మీద సెల్ఫీ చోట్ల సంఖ్య చూసి పథకాన్ని మెచ్చుకోవద్దు. ఘాట్‌లో దిగినవాడు గంట తర్వాత ఎక్కడున్నాడు, తర్వాతి చోటికి ఎలా వెళ్లాడు అన్నవి లెక్క కట్టాలి. ఈ పని చాలావరకు చవక. కోటిలింగాల నుంచి ధవళేశ్వరం దాకా రోజంతా తిరిగే బస్సులు, స్టేషన్లలో తెలుగులో, ఒడియాలో, హిందీలో రాసిన పటం, వీరేశలింగం ఇంటి దగ్గర కథ చెప్పగల ఇద్దరు కాలేజీ పిల్లలు చాలు. సెలవు రోజుల పట్టిక కూడా మార్చాలి. 2027 పుష్కరాల పన్నెండు రోజుల్లో రెండు ఆదివారాలున్నాయి, జూన్ 27, జూలై 4. ఆ రెండు రోజులూ దామెర్ల గ్యాలరీ తలుపు ఎన్నింటికి తీస్తారో, రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంచుతారో ఇప్పుడే నిర్ణయించి, ఆ బోర్డును పుష్కర ఘాట్ పై మెట్టు దగ్గర పెట్టించవచ్చు.