మందుల అంగడి పుస్తకము

నా నొప్పికి నేను మందు కొనుక్కొనగా సర్కారుకేమి పని యని విశ్వాసులలోనే కొందరు సణుగుచున్నారు. ట్రమడాల్ మాత్ర నొప్పిని అణచును. వైద్యుని మాట మీరి మింగినచో మనుష్యుని దాసునిగా చేయును. అందుచేతనే 2014 నుండి హెచ్1 పట్టికలోని మందులమ్మువారు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము వేరొక పుస్తకములో వ్రాసి 3 సంవత్సరములు భద్రపరచవలెను. 2018లో ట్రమడాల్ మాదకద్రవ్యముల చట్టము క్రిందికిని వచ్చెను.

చీటీగల రోగికి ఇది అడ్డుకాదు. చీటీ లేక అడుగు మనమును, వ్రాయక అమ్ము వర్తకుడును ఆ పుస్తకమును వట్టిది చేయుచున్నాము. నేడు నీకు తెరచిన ఆ దొడ్డిదారినే రేపు నీ పొరుగువాని కుమారుడును వచ్చును. తమ్ముని లెక్క తనది కాదన్నవాడు కయీను. మనమట్లనక, చీటీతో కొని పేరు వ్రాయింతము.