పేలు ఎవరింటివి?

ఈ నెల తల దించుకుని రాస్తున్నాను. విషయం కూడా తల గురించే.

కిందటి నెల రాయగడలో మా ఇంట్లో జరిగింది ఇది. నాలుగో తరగతి చదివే మా మనవరాలు పొద్దస్తమానం తల గోక్కోవడం మొదలెట్టింది. దువ్వితే పేలు రాలాయి. బళ్ళో దాని పక్కన కూర్చునేది ఒక కోదు గుంట. నేను ఇంకేటీ ఆలోచించలేదు. "అవి ఆ పిల్ల తల్లోవే, రేపట్నించి దాని పక్కన కూర్చోకు" అనీసాను. పిల్లలకి మాట దాచడం వస్తుందా? మా మనవరాలు వెళ్ళి అందరి ముందూ అదే మాట అనీసింది. మర్నాటి నించి ఆ పిల్ల బడికి రావడం మానేసింది.

నాలుగో రోజు ఆశా దీదీ మా వీధికి వచ్చింది. మనవరాలిని చూపిస్తే, "ముందు మీ తల చూపించండి మౌసీ" అంది. నాకు దురదే లేదన్నాను. నవ్వి, నా జుట్టు పాయలు తీసి వెలుగులో పెట్టి చూసింది. మాడుకి దగ్గర్లో కొన్ని ఈపులు, రెండు అంగుళాల దూరంలో మరికొన్ని ఉన్నాయి.

అప్పుడు ఒక లెక్క చెప్పింది. పేను గుడ్డు పెట్టేది వెంట్రుక మొదట్లో, మాడుకి ఆనుకునే. ఆ గుడ్డు బంకలా అతుక్కుని కదలదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దాంతోపాటు ఈపీ దూరం జరుగుతుంది. రెండు అంగుళాలంటే అయిదు సెంటీమీటర్లు, అంటే నాలుగైదు నెలలు. వెనక్కి లెక్కపెడితే మే నెల తేలింది. మే నెలలో పార్వతీపురంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి. పదిమందిమి తలకి తల ఆనించి ఒకే జంపఖానా మీద పడుకున్నాం. మా మనవరాలు ఈ బళ్ళో చేరింది జూలైలో. రాత్రిళ్ళు అది పడుకునేది నా పక్కలోనే. పేలు ఎవరింటివో ఇక మీరే చెప్పండి.

మరి నాకు దురద ఎందుకు లేదు? దురద పుట్టేది పేను ఉమ్మి మన ఒంటికి పడకపోవడం వల్లట. మొదటిసారి ఎక్కితే అది తెలియడానికే నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. ఎప్పట్నించో అలవాటైన కొందరికి తెలీనే తెలీదు. నాది పాత తల. మిల్లులో రీలింగు పని చేసే రోజుల్లో అన్నాలు తిన్నాక ఒకరి వెనక ఒకరం కూర్చుని పేలు చూసుకునేవాళ్ళం. జుట్టంతా దూది నుసే. ఊదితే ఎగిరేది దూది, గోరుతో లాగినా రానిది ఈపి.

ఆ రోజుల్లోనే ఒకామె కూతురి తలకి కిరసనాయిలు రాసి గుడ్డ చుట్టింది. పిల్ల మెడంతా బొబ్బలెక్కింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో! కిరసనాయిలు, చీమల మందు, పొలం మందు తలకి రాయకండి.

పేలు జ్వరం తెస్తాయా అని ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగాను. మనిషికి పట్టే పేలు మూడు రకాలు: తల పేను, బట్టల పేను, మర్మస్థానంలో ఉండేది. టైఫస్ లాంటి జ్వరాలు మోసేది బట్టల పేనే. అది బట్టల కుట్లలో గుడ్లు పెడుతుంది. 1909లో ట్యునీషియాలో షార్ల్ నికోల్ అనే డాక్టరు ఒకటి గమనించాడు. టైఫస్ రోగికి స్నానం చేయించి, బట్టలు మార్చి వార్డులోకి తెస్తే ఆ జ్వరం ఇంకొకరికి అంటడం లేదు. అలా పేను గుట్టు తెలిసింది. 1928లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. బట్టల పేనుకి మందు వేడినీళ్ళ ఉతుకూ ఇస్త్రీ పెట్టే.

తల పేను అలాంటి జ్వరం తేదు. అయినా తేలిగ్గా తీసుకోకూడదు. గోకితే పుండవుతుంది, చీము పడుతుంది, మెడలో బిళ్ళలు కడతాయి. కొన్ని చీము పుళ్ళ తరవాత మూత్రపిండాలు వాస్తాయి. పిల్లల మొహం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకో మాట. మన కోరాపుట్, రాయగడ కొండల్లో జ్వరమొస్తే తల పేల మీదకి నెట్టకండి. ముందు మలేరియాకి రక్తం చూపించండి. స్క్రబ్ టైఫస్ అని మరొకటుంది. అది పేనుతో రాదు, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వస్తుంది. చంకలోనో గజ్జలోనో కాలినట్టు నల్ల పొక్కు కనిపిస్తే డాక్టరుకి చూపించండి. వేళకి మందు పడితే తగ్గిపోతుంది.

ఇంక పేలు ఎలా పోతాయంటే, తలకి కొబ్బరినూనె బాగా పట్టించి, పాయ పాయగా పేల దువ్వెనతో మాడు నించి చివరిదాకా దువ్వాలి. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డకి తుడవాలి. మూడు రోజులకోసారి, కనీసం రెండు వారాలు చెయ్యాలి. గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కనక మధ్యలో ఆపకూడదు. పెర్మెత్రిన్ ఒక శాతం లోషను కూడా ఉంది. పది నిమిషాలుంచి కడగాలి, తొమ్మిదో రోజున మళ్ళీ రాయాలి. పసిపిల్లలకైతే డాక్టరుని అడక్కుండా రాయకండి. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడాలి. పేను ఎగరదు, దూకదు, తలకి తల తగిలితేనే పాకుతుంది. దానికి కులం తెలీదు, శుభ్రమైన తలా కాదా అని కూడా చూడదు. పేలున్నాయని పిల్లని బడి మాన్పించక్కర్లేదు, గుండు గీయించక్కర్లేదు.

ఆ ఆదివారం మనవరాలిని తీసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. నా వచ్చీరాని ఒడియాలో "తప్పు నాదే" అన్నాను. తల్లి కాసేపు పలకలేదు. తరవాత చాప వేసింది. నేను తీసుకెళ్ళిన నూనె, దువ్వెన మధ్యలో పెట్టుకుని నలుగురి తలలూ దువ్వుకున్నాం. నా తల్లోనే ఎక్కువ రాలాయి. అప్పుడు నవ్వింది ఆ తల్లి. సోమవారం పిల్లలిద్దరూ మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నారు.

మీ ఇంట్లో పిల్ల తల గోక్కుంటే, ఇంకొకరి పిల్లని అనేముందు మీ తల చూపించుకోండి.