తేదీ లేని చీటీ



పేరు రాయించుకున్నవాళ్లు ఆ రోజుకు రాకపోవడం వల్లే శుక్లాల ఆపరేషన్లు వెనకబడుతున్నాయని ఒక పాఠకుడు మొన్న ఇదే పేజీలో రాశారు. రానివాళ్లు ఉన్నమాట నిజమే. వచ్చి కూడా వెనక్కి పోయినవాళ్లు ఆయన లెక్కలోకి రాలేదు.

మా అమ్మను శుక్లాల ఆపరేషన్‌కు ఏటూరునాగారం వైపు నుంచి తొలి బస్సులో వరంగల్ తీసుకొచ్చాం. దాదాపు వంద కిలోమీటర్లు. ఆస్పత్రిలో చూసి, షుగర్ ఎక్కువుంది, తగ్గినంక రమ్మన్నారు. ఎప్పుడు? చీటీలో తేదీ లేదు. తోడొచ్చిన తమ్ముడి కూలీ పోయింది. షుగర్, బీపీ చూడడం మా ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పనే కదా!

2018 ఆగస్టు 15న మొదలైన కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’, 2023లో రెండో విడతగా మళ్లీ ఊళ్లకొచ్చింది. పరీక్ష ఊరికి రాగలదు, ఆపరేషన్ థియేటర్ రాలేదు. ఆ నడుమ దారే తెగిపోతోంది. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ కోడ్‌తో ఓపీ చీటీ తొందరగా దొరుకుతుందేమో, ఆపరేషన్ తేదీ దొరకదు.

ఆరోగ్య కేంద్రమే పరీక్షలు చేసి, తేదీ ఖాయం చేసి పంపాలి. రెండు రోజుల ముందు ఆశా కార్యకర్త ఫోన్ చేసి అడగాలి: జ్వరముందా, కన్ను ఎర్రబడిందా, తోడు మనిషి ఉన్నారా? రాలేమంటే ఆ వంతు హనుమకొండలోనో కాజీపేటలోనో ఉన్నవారికి ఇవ్వొచ్చు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చే ఆపరేషన్ కాబట్టి పడకల కొరత సాకు కూడా అంతగా చెల్లదు. దూరపు పల్లెలవాళ్లకు పదిన్నర తర్వాతి వంతు ఇస్తే తొలి బస్సుకు బయల్దేరినా అందుకుంటారు.

— ఒక పాఠకుడు, హనుమకొండ