తాడ్వాయి అడవిలో గుంతలు తవ్వకండి

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య వీచిన గాలికి యాభై వేలకు పైగా చెట్లు కూలాయని అప్పట్లో లెక్క వేశారు. ఆ గాలితో వచ్చిన వానే మర్నాడు మున్నేరు వరదై ఖమ్మం మీద పడింది. ఒక్క గాలిని చూపించి వాతావరణ మార్పు అనేయను. కానీ రెండు రోజుల్లో కుమ్మరించి ఆపైన నెలల తరబడి ముఖం చాటేసే వానలు ఇక తరచూ వస్తాయి. నానిన నేలనూ, ఎండిన నేలనూ అడవి తట్టుకోవాలి.

చెట్లు పడ్డాయనగానే అందరి నోటా ఒకటే మాట: మళ్లీ నాటాలి. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయినవాణ్ణి, ఆ సరదా నాకు తెలుసు. నాటే గుంత ఫొటోకు వస్తుంది, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లోకి ఎక్కుతుంది. తనంతట తాను మొలిచిన నల్లమద్దికి బిల్లు రాదు. పైగా నాటేది చాలాచోట్ల టేకే. అంతా ఒకే ఈడు, ఒకే జాతి. పురుగు తగిలిన ఏడు తోటంతా ఆకుల ఈనెలే మిగులుతాయి.

వేళ్లతో లేచిన చెట్టు తిరిగి రాదు, నిజమే. నడుము విరిగిన నల్లమద్ది మాత్రం మోడు నుంచి గుత్తిగా పిలకలేస్తుంది. రెండో ఏడు దాటాక గట్టివి ఒకటో రెండో ఉంచి, మిగతావి కొడవలితో మొదలంటా కోసేస్తే పాత వేళ్ల బలమంతా వాటికే. తునికి వేరు పిలకలతో కూడా లేస్తుంది. అన్ని జాతులూ, అన్ని ఈడులూ కలిసి పెరిగితే ఒక దెబ్బకు అన్నీ పోవు.

ఈ పిలకలకూ మొలకలకూ అసలు శత్రువు నిప్పు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు. అది పాకితే ఏడాది మొలకలన్నీ మాడిపోతాయి. ఏరుకునేవాళ్లను తిట్టడం తేలిక. ఆకు ఊడ్చినందుకు కూలి ఇచ్చిందెవరు? 1992లో వన సంరక్షణ సమితులంటూ ఊళ్లను కాపలాకు పిలిచాం. చాలాచోట్ల ఇప్పుడు బోర్డు మిగిలింది, అదీ తుప్పు పట్టి.

గుంతలకు పెట్టే డబ్బుతో ఫిబ్రవరికి ముందే నిప్పు పాకకుండా ఆపే ఫైర్ లైన్లు శుభ్రం చేయించండి. మే ఆఖరు దాకా కాపలా కాసే ఊరివాళ్లకు నెలనెలా కూలి చేతికివ్వండి. మూడో వానాకాలం అయ్యాక కూడా ఎక్కడన్నా ఖాళీలుంటే, అప్పుడు నాటుకోండి.